ఊ కొట్టినవాళ్ళు

కథ చెప్పేవాళ్ళకి ఎదురుగా ఊ కొట్టేవాళ్ళు లేకపోతే నోరు పెగలదు. ఇది రామతులసి సిద్ధాంతం. కడియంలో ఒక ప్రైవేటు బడిలో మూడో క్లాసుకి తెలుగు చెప్పే టీచరు ఆవిడ. పాఠం చెప్పినా కథే, పిల్లల్ని తిట్టినా కథే, బజారులో వంకాయలు బేరమాడినా కథే. "అనగనగా ఒక ఊళ్ళో..." అనేసి ఆగేది. క్లాసు మొత్తం ఒక్క గొంతుతో "ఊఁ" అనాలి. అనకపోతే రాజు గుర్రం ఎక్కడు, రాక్షసుడు గుహలోంచి బయటికి రాడు. ఇంట్లో ఆ పని కూతురు సుప్రియది. ఏడేళ్ళ పిల్ల. అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని కూడా ఊ కొట్టేది.

ఆవిడకి ఇంకో అలవాటు కూడా ఉంది. కథ ఏ దేశందైనా సరే, తెచ్చి కడియంలో పెట్టేసేది. ఏడు సముద్రాల అవతల రాక్షసుడి కోట కూడా చివరికి కాలవగట్టు మీద, నర్సరీల వెనకాలే తేలేది. "తెలిసిన గేటు, తెలిసిన చెట్టు చెబితేనే పిల్లలకి కళ్ళకి కడుతుందండీ" అని తోటి టీచర్లకి పాఠం చెప్పేది. చెప్పుకోవాలి మరి, గొంతు అలాంటిది.

ఆ గొంతు మీద కన్నుపడింది కేబుల్ హరిబాబుకి. ఊళ్ళో డిష్ కనెక్షన్లన్నీ అతనివే. లోకల్ ఛానెల్ కూడా ఒకటి పెట్టాడు. పొద్దున్న దేవుడి పాటలు, మధ్యాహ్నం పాత సినిమా, వేసవి సెలవల్లో సాయంత్రం పిల్లలకి కార్టూన్. ఆ మే నెలలో రాజమండ్రిలో ఎవరో షాపు ఎత్తేస్తుంటే ఒక సంచీడు వీడియో క్యాసెట్లు పట్టుకొచ్చాడు. అందులో ఒకటి బొమ్మల సినిమా.

"బొమ్మ బంగారమండీ మేడంగారూ. మాట మాత్రం లేదు. మొత్తం మూగ. పేరు కూడా ఏదో పరాయి లిపిలో ఉంది. ఒక పిల్ల చచ్చిపోయినవాళ్ళ లోకంలో నడుచుకుంటూ పోతూ ఉంటుంది, అంతే. మీరు బొమ్మ చూస్తూ కథ చెప్పేయండి. నేను రికార్డు చేసి, మర్నాడు నాలుగింటికి వేసేస్తా" అన్నాడు.

"చచ్చిపోయినవాళ్ళ లోకమా? పిల్లలు జడుసుకోరూ?"

"మీరు చెబితే జడుసుకోరండీ, నవ్వుతారు. ఆయ్."

పొగడ్త ఎవరికి చేదు? ఒప్పేసుకుంది. తీరా ఆ రోజు వచ్చేసరికి సుప్రియకి జ్వరం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మానేద్దామనే అనుకుంది రామతులసి. కానీ మైకూ, రికార్డు చేసే మెషీనూ ఎక్కడినించో అడిగి తెచ్చాడట హరిబాబు, సాయంత్రానికి తిరిగి ఇచ్చెయ్యాలట. పైగా మంచం మీంచి పిల్లే పోరు పెట్టింది.

"వెళ్ళమ్మా. నీ గొంతు టీవీలో వస్తే నేను ఇక్కణ్ణించి ఊ కొడతా."

"ముందు కళ్ళు మూసుకుని పడుకో. సాయంత్రం మందు వేళకి నీ పక్కనుంటా, సరేనా?" అని నుదుటి మీద తడిగుడ్డ మార్చి వేసింది.

అత్తగారు లోవమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "పట్టపగలు కథలేంటే తల్లీ? పగలు కథ చెబితే దారిన పోయేవాళ్ళు దారి తప్పుతారని మా అమ్మమ్మ అనేది. అవతల నా కొడుకు మొక్కల లారీ మీద నాగపూర్ దారిలో ఉన్నాడు."

"మీ అబ్బాయి దారి తప్పడానికి కథే కావాలా అత్తయ్యా? టీకొట్టు కనిపిస్తే చాలు" అని నవ్వుతూ గొడుగు తీసుకుంది.

హరిబాబు ఆఫీసు ఒక నర్సరీ గోడౌను మీద, మేడ పైన. కింద కొబ్బరి పొట్టు, పేడ ఎరువు, తడిపిన గోనెసంచులు. ఆ వాసన మెట్లెక్కేదాకా వెంట వచ్చేది. రికార్డింగుకని ఒక గది తయారు చేశాడు. ఒకప్పుడు విత్తనాలు దాచుకునే గది, కిటికీల్లేవు. రోడ్డు మీద లారీల మోత వినపడకుండా నాలుగు గోడలకీ పాత బొంతలు వేలాడదీశాడు. లోపల ఒక బల్ల, టీవీ, వీసీఆర్, మైకు, ఒక బల్బు. ఫ్యాను చప్పుడు రికార్డయిపోతుందని అదీ లేదు. తలుపు ఉబ్బిపోయి దానంతటది తెరుచుకుంటోందట.

"బయట గడియ పెడతానండీ. కంగారు పడకండి, పక్కగదిలోనే ఉంటా. సినిమా అయ్యేదాకా మాత్రం ఆపకండి, మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికే. ఇంతకీ పాపకి జ్వరం ఎలా ఉందండీ?"

"తగ్గితే బాగుణ్ణు. త్వరగా కానివ్వండి."

హెడ్‌ఫోన్ తగిలించుకుంది. గడియ పడ్డ చప్పుడు వినిపించింది. టీవీలో బొమ్మ మొదలైంది.

బొమ్మ నిజంగానే బాగుంది. తెల్లటి గడ్డి, బూడిదరంగు ఆకాశం. ఎర్ర గౌనులో ఒక పిల్ల నడుస్తోంది. ఎంతసేపూ వీపే కనిపిస్తుంది, మొహం మాత్రం చూపించదు. దారికి అటూ ఇటూ పొగలాంటి మనుషులు కూర్చుని ఉన్నారు. పిల్ల దాటిపోగానే ఒక్కొక్కళ్ళే లేచి వెనకాల నడుస్తున్నారు.

"అనగనగా ఒక పిల్ల..." అంది రామతులసి. అలవాటుగా ఆగింది. బొంతలు మాత్రమే ఉన్నాయి ఎదురుగా. రెండోసారి మొదలుపెట్టింది, నాలుక తడబడింది. మూడోసారి దగ్గొచ్చింది. ఇంత గొప్ప టీచరుకీ చెమటలు పట్టేశాయి. చివరికి విసుగొచ్చి, నవ్వొచ్చి, ఖాళీ గదిలోకి చూస్తూ అంది.

"ఎవరో ఒకళ్ళు ఊ కొట్టండర్రా బాబూ!"

"ఊఁ."

చెవిలో మెల్లగా వినిపించింది. హరిబాబే అనుకుంది. పాపం, పక్కగదిలోంచి సాయం చేస్తున్నాడు. ఇక చూస్కోండి, కథ కాలవ నీళ్ళలా పారింది.

"ఆ పిల్ల చచ్చిపోయినవాళ్ళ లోకంలో తప్పిపోయింది."

"ఊఁ."

"అక్కడ ఆడుకుందామంటే ఈడు పిల్ల లేదు. తోడు కావాలి. అందుకని తోడుని వెతుక్కుంటూ బయల్దేరింది. వెనకాల ఉన్నారే, వాళ్ళు కూడా దారి తప్పినవాళ్ళే. మేమూ వస్తాం అన్నారు."

"ఊఁ... ఊఁ."

"అలా నడిచీ నడిచీ ఒక ఊరొచ్చింది. ఎక్కడ చూసినా మొక్కలు. కాలవ దాటారు. గట్టు దిగారు. కుడిచేతి వైపు ఒక ఇల్లు. పచ్చరంగు గేటు. గేటు పక్కన నందివర్ధనం చెట్టు. అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు పిక్కలు తీస్తోంది..."

"ఊఁ."

ఈసారి ఒక గొంతు కాదు. మగ గొంతూ, ముసలి గొంతూ, పసిగొంతూ కలిసి వచ్చింది. క్లాసులో పిల్లలు అన్నట్టే. హరిబాబు ఎవరినో పిలిచి కూర్చోబెట్టాడు కాబోలు, ఇంతమందా అనుకుంది. చెవులకి ఉక్క పోస్తోందని హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

దాని వైరు బల్ల మీంచి కిందికి వేలాడుతోంది. కొస దేనికీ తగిలించి లేదు.

"ఊఁ" అన్నారు.

బొంతల వెనకనించి.

రామతులసి నోరు ఆగిపోయింది. అంతే, టీవీలో బొమ్మ కూడా ఆగిపోయింది. క్యాసెట్ తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంది. బొమ్మ మాత్రం కదలట్లేదు. ఎర్ర గౌను పిల్ల ఒక గేటు ముందు నిలబడి ఉంది. ఇందాకటిదాకా తెల్లగడ్డి తప్ప ఇంకేమీ లేని బొమ్మలో గేటు ఎక్కడిది? పచ్చరంగు గేటు. పక్కన నందివర్ధనం. కింది రేకు తుప్పు పట్టి ఒక మూల విరిగి ఉంది. ఆ విరుపు సంగతి కథలో చెప్పలేదు ఆవిడ. కానీ తన ఇంటి గేటుకి ఆ విరుపు ఉంది.

"హరిబాబుగారూ!"

తలుపు దగ్గరికి పరుగెత్తింది. తోసింది. గుద్దింది. గడియ కదల్లేదు. బొంతలు చప్పుడంతా మింగేస్తున్నాయి, ఆవిడ కేక ఆవిడకే దూరంగా వినిపించింది. గదిలో ఉన్నట్టుండి ఒక వాసన. తడిసిన నువ్వులు... నీళ్ళలో నానిన అన్నం... గోదారి బురద... గోదారి రేవులో పిండాలు వదిలే చోట వచ్చే వాసన. కిటికీల్లేని గదిలోకి ఎలా వచ్చిందో ఏమో.

"తర్వాత?" అని అడిగారు ఎవరో. మెల్లగా. మర్యాదగా.

రామతులసి తలుపుకి ఆనుకుని కూలబడింది. బొంత ఒకటి ముందుకి ఉబికింది. వెనక ఎవరో ఒత్తిగిలినట్టు. తర్వాత పక్క బొంత. ఆ తర్వాత దాని పక్కది...

"తర్వాత ఏమైందమ్మా?"

"అయిపోయింది" అంది ఏడుపు గొంతుతో. "కథ కంచికి..."

"అవ్వలేదు. తోడు దొరకలేదుగా."

టీవీలో గేటు దానంతటదే కొంచెం తెరుచుకుంది. లోపల అరుగు, అరుగు మీద ముసలావిడ. వెనక గది తలుపు ఓరగా ఉంది. ఆ సందులోంచి ఒక మంచం కోడు కనిపిస్తోంది. ఆ మంచం మీద ఎవరున్నారో రామతులసికి తెలుసు. ఒంటరిగా, జ్వరంతో, అమ్మ వస్తుందని. ఓరి దేవుడా! నేనే చెప్పాను. దారి చెప్పాను, గేటు చెప్పాను, చెట్టు చెప్పాను. తోడు కావాలని కూడా నేనే చెప్పాను. నా నోరు పడిపోనూ!

"ఆ ఇల్లు కాదు" అంది గబగబా. "పొరపాటు పడ్డారు. అది దాటి, కాలవ వెంట పోయి పోయి గోదారి దాటేశారు..."

ఎవరూ ఊ కొట్టలేదు. బొమ్మ కదల్లేదు.

"ముందు అలా చెప్పలేదే" అంది పసిగొంతు.

మూడో క్లాసు పిల్లలూ అంతే. ఒకసారి చెప్పిన కథ మారిస్తే ఒప్పుకోరు. చెప్పనిది కలపొచ్చుగానీ, చెప్పింది కొట్టెయ్యడానికి వీల్లేదు. ఆ సంగతి రామతులసి కంటే బాగా తెలిసినవాళ్ళెవరు?

ఎదురింట్లో బేబికి ఇద్దరు పిల్లలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురింట్లో అయితే పిల్లలున్నారు అంటే చాలు, పక్కకి తిరుగుతారు. ఛీ, పరాయి తల్లి కడుపుకోత నేను కోరనా? పళ్ళు బిగించి మింగేసింది.

"ఇంట్లో ఎవరున్నారు?" గుసగుస. బొంత చెవికి తగిలింది. చల్లగా, తడిగా... "మంచం మీద ఎవరు?"

టీవీలో పిల్ల గేటు లోపల కాలు పెట్టింది.

ఆలోచించే వ్యవధి లేదు. రామతులసి కళ్ళు గట్టిగా మూసుకుని, క్లాసులో చెప్పే గొంతుతోనే, స్పష్టంగా చెప్పేసింది.

"మంచం ఖాళీ. ఆ ఇంట్లో పిల్ల లేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ లేదు. ఆ ఇంటావిడకి అసలు పిల్లలే పుట్టలేదు."

గదంతా కలిసి, నాలుగు గోడల నించీ, నిదానంగా...

"ఊఁ."

కళ్ళు తెరిచేసరికి టీవీ మీద చుక్కలు కురుస్తున్నాయి. బొంతలు గోడలకి అంటుకుని ఉన్నాయి. గడియ తీసిన చప్పుడు. హరిబాబు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"సారీ అండీ మేడంగారూ! మీరు అనగనగా అన్నారో లేదో, వేమగిరి దగ్గర వైరు తెగిపోయిందని ఫోనొచ్చింది. పరుగెత్తాను. ఇప్పుడే రావడం. అదేంటండీ, అలా అయిపోయారు? గాలాడలేదా?"

ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగుతోంది.

"అన్నట్టు జ్వరం ఎవరికో అన్నారు," వెనకనించి అరిచాడు హరిబాబు, "మీ అత్తగారికా అండీ?"

ఎండలో పరుగెత్తింది. మొక్కలకి నీళ్ళు పడుతున్న ఆడవాళ్ళు ఆగి చూశారు. కాలవ దాటింది. గట్టు దిగింది. పచ్చగేటు మూసే ఉంది. తోసుకుని లోపలికి పడింది.

"సుప్రియా! సుప్రియా!"

వీధి చివరిదాకా వినపడేలా అరిచింది. గదిలో మంచం ఉంది. పరుపు చుట్టి ఒక మూల నిలబెట్టి ఉంది. మంచం మీద ఎండబెట్టిన వడియాలు. మందు సీసా లేదు. తడిగుడ్డ లేదు. గోడకి పెన్సిలుతో గీసిన బొమ్మలు ఉండాలి, ఆ గోడ శుభ్రంగా సున్నం వేసి ఉంది.

"అత్తయ్యా, పిల్లేదీ?"

లోవమ్మ చింతపండు చేట పక్కన పెట్టి లేచింది. కోడలి మొహం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఏ పిల్లే తల్లీ? మళ్ళీ మొదలైందా నీకు? దేవుడు మనకి రాసిపెట్టలేదు, ఏం చేస్తాం. ఊళ్ళో పిల్లలందరూ నీ పిల్లలే అనుకోమని చెప్పానా లేదా?"

ఆ చెయ్యి భుజం మీద పడింది. నిజమైన జాలితో పడింది. అత్తగారు అబద్ధం ఆడట్లేదు. గోడ కూడా అబద్ధం ఆడట్లేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ పిల్ల లేదు. రామతులసే చెప్పింది, వాళ్ళు ఒప్పుకున్నారు. నేను బతికుండగా నా పిల్లని నా నోటితో నేనే తుడిచేశాను అనుకుని రెండు చేతులతో కడుపు పట్టుకుంది.

అప్పుడు దగ్గు వినిపించింది.

వీధి అవతల నించి. జ్వరం దగ్గు. ఏడేళ్ళుగా ఎరిగిన దగ్గు. రామతులసి గేటు దాటి వీధిలోకి వచ్చింది. ఎదురింటి మెట్టు మీద సుప్రియ కూర్చుని ఉంది. పొద్దున్న తను తొడిగిన గౌనే. అవే రెండు జడలు. మొహం జ్వరంతో కందిపోయి ఉంది. పక్కన బేబి కూర్చుని, పిల్ల నుదురు తడిమి చూస్తోంది.

"రండి తులసిగారూ" అంది బేబి. "చూడండి మా తబితకి ఒళ్ళు ఎలా కాలిపోతోందో. పొద్దున్న నించీ ప్రార్థన చేస్తూనే ఉన్నాను. ముగ్గురు పిల్లల తల్లికి ఒక్క రోజు నిమ్మళం ఉండదండీ. కొంచెం ఇక్కడ కూర్చుంటారా, నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తా."

బేబి పెరట్లోకి వెళ్ళింది. రామతులసి మెట్టు కింద నేల మీద కూర్చుంది. పిల్ల బతికే ఉంది. ఊపిరి పీలుస్తోంది, కళ్ళు ఆర్పుతోంది. దేవుడా, చాలు. ఎవరింట్లో ఉంటేనేం? రోజూ గేటులోంచి చూసుకోవచ్చు. బడికి వస్తుంది, మూడో క్లాసులో కూర్చుంటుంది. కానీ ఆ మొహం చూస్తుంటే ఆగడం ఎలా? నేను మీ అమ్మనే అని ఒక్కసారి అంటే ఏమవుతుంది? మెల్లగా, చెవిలో? పెదాలు విడివడ్డాయి. పిల్ల చెయ్యి పట్టుకుంది.

"తబితా... నేను..."

పిల్ల ఆవిడని చూడట్లేదు. ఆవిడ భుజం మీంచి వీధిలోకి చూస్తోంది.

"ఆంటీ, మీతో వచ్చారే, వాళ్ళందరూ ఎవరండీ?"

రామతులసి వెనక్కి తిరగలేదు.

"మీరు మాట్లాడుతుంటే ఎందుకలా తలలూపుతున్నారు?"

నోటి దాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి పోయింది. ఇంక ఎప్పటికీ అనకూడదు. ఇంట్లో అనకూడదు, నిద్రలో అనకూడదు, చచ్చిపోయేటప్పుడు కూడా అనకూడదు. పట్టుకున్న చిన్న చెయ్యి మెల్లగా వదిలేసింది.

"ఎవరూ లేరమ్మా" అంది. "లోపలికెళ్ళి పడుకో. మీ అమ్మ పిలుస్తోంది."

"మా అమ్మ నూతి దగ్గరుందండీ. పిలిచేది మా అమ్మ కాదు, మీ వెనక నిలబడ్డావిడ." పిల్ల చెవి ఒగ్గి వింది. జ్వరంలో కూడా కొంచెం నవ్వింది. "అచ్చం మీ గొంతే ఆంటీ. రా తల్లీ, రా సుప్రియా అంటోంది."

పిల్ల మెట్టు మీంచి లేచి నిలబడింది.

"సుప్రియంటే ఎవరండీ?" అని అడుగుతూనే, వీధిలోకి దిగింది.